ప్రతిదినం వెంబడించడం: కడప సహవాసం సభ్యులకు 2024–25 వార్షిక నివేదిక

ప్రియమైన సభ్యులకు ప్రభువు పేరిట వందనాలు.

నిరుడు సర్వసభ్య సమావేశంలో మనం ఒకే ఒక్క తీర్మానం చేసుకున్నాం. లూకా సువార్త 9వ అధ్యాయం 23వ వచనంలోని ‘ప్రతిదినము’ అనే మాటను సంవత్సరమంతా పట్టుకుందాం అనుకున్నాం. సిలువ ఎత్తుకుని తనను వెంబడించమని యేసు చెప్పిన మాట మత్తయిలోనూ ఉంది, మార్కులోనూ ఉంది. ‘ప్రతిదినము’ అని రాసింది మాత్రం లూకా ఒక్కడే. ఆదివారం గుడిలో పాటలు పాడి, సోమవారం అంగడి తెరిచేసరికి వేరే మనిషైపోయే మనలాంటి వాళ్ల కోసమే ఆ మాట అక్కడ ఉందని నా నమ్మకం.

సీమోను, అంద్రెయ వల వేస్తుంటే యేసు పిలుపు వచ్చింది. మత్తయి పన్ను వసూలు చేసే సుంకపు మెట్టు దగ్గర కూర్చుని ఉంటే వచ్చింది. అందుకే నెలవారీ కూడికను చర్చి హాలు నుంచి సభ్యులు పనిచేసే చోటికి మార్చాం. ఏప్రిల్‌లో ఏడు రోడ్ల దగ్గరి కిరాణా అంగట్లో షట్టరు సగం దించి కూర్చున్నాం. జూన్‌లో ఆటో స్టాండు పక్కన చెట్టు కింద. ఆగస్టులో బండల పాలిష్ షెడ్డులో. ఆ దుమ్ముకు దగ్గు వచ్చి పాట సగంలోనే ఆపేశాం. రోజంతా అక్కడే పనిచేసే మన తమ్ముళ్ల ఊపిరితిత్తుల కోసం మనం ఎన్నడూ ప్రార్థన చేయలేదని ఆ పూట గుర్తొచ్చింది. మరుసటి వారం మాస్కులు కొని ఇచ్చాం. గుడ్డ మాస్కులు చాలవని, నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము తగ్గుతుందని మనలోని నర్సు అక్క చెప్పింది. షెడ్డు యజమానితో రెండుసార్లు మాట్లాడాం. పని ఇంకా సగమే అయింది, విడిచిపెట్టం.

అక్టోబరు కూడిక గురించి కాస్త వివరంగా రాయాలి. అది మన బేల్దారి మేస్త్రి కడుతున్న ఇంటి దగ్గర, ఇసుక కుప్ప పక్కన జరిగింది. ఆ రోజు లేవీయకాండం 19వ అధ్యాయం చదివాం. త్రాసు న్యాయంగా ఉండాలని చెప్పేది ఆ అధ్యాయమే, కూలివాడి కూలిని మరునాటి దాకా మన దగ్గర ఉంచుకోకూడదని చెప్పేదీ అదే. చదివినంతసేపూ మేస్త్రి తల వంచుకునే ఉన్నాడు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "సార్, మీ ఇంటి గచ్చు పని దుడ్లు ఇంకా రాలేదు. ఆడోళ్లకు కూలి నా చేతి నుంచే ఇచ్చినా."

అప్పటికి మూడు వారాలైంది. జీతం పడ్డాక ఇద్దాంలే అనుకున్నాను, తర్వాత మర్చిపోయాను. నేను ఈ సహవాసానికి కార్యదర్శిని. ఆ రాత్రే వెళ్లి డబ్బిచ్చాను, క్షమించమని అడిగాను. ఆ కూలి సర్దడానికి ఆయన వడ్డీకి తెచ్చాడని అప్పుడు తెలిసింది. నవంబరు కూడికలో ఈ సంగతి నేనే అందరి ముందూ చెప్పాను. నేను చెప్పాక ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. బిడ్డకు జ్వరమొచ్చి పనిమనిషి మానుకున్న రోజులకు జీతం కోశానని ఒక చెల్లెలు చెప్పింది. వంటింట్లో పనిచేసే అమ్మకు వేరే గ్లాసు పెట్టే అలవాటు అత్తగారి కాలం నుంచి ఉందని, ఆ వారమే దాన్ని తీసేశానని ఒక అక్క ఏడుస్తూ చెప్పింది. ప్రభువు బల్లలో ఒకే పాత్ర నుంచి ద్రాక్షారసం పంచుకునే మన ఇళ్లలో ఇంకా వేరే గ్లాసులు ఉన్నాయంటే గుండె బరువెక్కుతోంది.

కూలి ఆ రోజుకు ఆ రోజే ఇవ్వాలని, ఇంటి పనివాళ్లకు ఒకటో తేదీకల్లా జీతం, వారానికో సెలవు ఉండాలని తీర్మానించాం. ఇది ఇంటి విషయం, సంఘం జోక్యం వద్దని ఇద్దరు పెద్దలు అన్నారు. వాళ్లంటే నాకు గౌరవమే గానీ ఆ మాట ఒప్పుకోలేను. కూలి ఆలస్యమైతే పస్తుండేది ఒక కుటుంబం.

మిగతా పనులు: వేసవిలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర చలివేంద్రం నడిపాం, పక్కంగడి భాయ్ రోజూ ఐసు గడ్డ ఉచితంగా ఇచ్చాడు. సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు బియ్యం, దుప్పట్లు పంపాం. శనివారాల్లో రిమ్స్‌లో రోగుల బంధువులకు భోజనం పెడుతూనే ఉన్నాం, వడ్డించేవాళ్లే చాలడం లేదు.

జనవరిలో యువతతో జమ్మలమడుగు వెళ్లి క్యాంప్‌బెల్ ఆసుపత్రి చూసొచ్చాం. పంతొమ్మిదో శతాబ్దంలో కడప సీమకు వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు పెట్టిన ఆసుపత్రి అది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ సొసైటీ సంఘాలూ అందులో చేరాయి. మన సభ్యుల్లో కొందరు పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఎండకూ కరువుకూ ఓర్చి ఇక్కడ గాయాలు కడిగిన వాళ్ల గురించి విన్నాక, నర్సింగ్ చదవాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఒక అమ్మాయి తిరుగు బస్సులో దరఖాస్తు నింపింది.

జమాఖర్చుల పట్టికను నోటీసు బోర్డులో పెట్టాం, చూసి సందేహాలుంటే అడగండి. కొత్త సంవత్సరం మొదటి కూడిక ఏప్రిల్ మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి, మేస్త్రి ఇంట్లో. ఈసారి వాక్యం చదివేది ఆయనే.