నడిచే రోబో దగ్గర గడిచిన వేసవి: అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

బెంగళూరులోని ఒక రోబోటిక్స్ ల్యాబ్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ముగించుకుని నిన్ననే అనంతపురం చేరాను. నాలుగు కాళ్ల రోబోను రకరకాల నేలల మీద నడిపించి, అది ఎక్కడ తడబడుతోందో, ఎందుకు పడుతోందో రికార్డు చేయడం నా పని. సాయం చేసినవాళ్లందరికీ వచ్చే ముందు నోటితో థాంక్స్ చెప్పాను కానీ మనసుకు సరిపోలేదు. నలుగురిలోనూ చెప్పాలనిపించింది.

మొదటి దండం మా కాలేజీ డైనమిక్స్ సార్‌కి. మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి విద్యార్థులకు సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయని నాకు చెప్పింది ఆయనే. సిఫార్సు లెటర్ రాసిచ్చి ఊరుకోలేదు. నా రైటప్ మొత్తం చదివి, "రోబోలంటే ఇష్టమని అందరూ రాస్తారమ్మా, నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో అది రాయి" అని వెనక్కి ఇచ్చారు. సార్, ఆ రోజు మీరలా తిప్పి పంపకపోతే నాకీ అవకాశం వచ్చేదే కాదు.

ల్యాబ్‌లో నన్ను చేయి పట్టి నడిపించింది ఖమ్మం నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న అక్క. కాలికి మూడు చొప్పున 12 మోటార్లు, ముందు ఎడమ కాలితో పాటు వెనక కుడి కాలు లేచే ట్రాట్ నడక, అన్నీ ఓపిగ్గా చెప్పింది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చక్కగా నడిచే రోబో నిజం నేల మీదికి వచ్చేసరికి టైల్స్ మీద జారుతుంది, మోటార్లు వేడెక్కితే తీరు మారుతుంది. ఆ తేడాను అంకెల్లో పట్టుకోవడమే టెస్టింగ్ అని అక్క దగ్గరే నేర్చుకున్నాను. నడకకు ఎంత శక్తి ఖర్చవుతోందో కొలవడం కూడా. ఖర్చయిన శక్తిని రోబో బరువుతో, నడిచిన దూరంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అది ఎంత తక్కువైతే నడక అంత పొదుపు. మనిషికి అది 0.2 దరిదాపుల్లో ఉంటే, హోండా వారి రెండు కాళ్ల రోబో అసిమోకు 3.2 ఉంటుందని 2005లో అంచనా వేశారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల రేంజర్ అనే రోబో 2011లో మధ్యలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టకుండా 65 కిలోమీటర్లు నడిచిందట. అక్క చెబుతుంటే నోట మాట రాలేదు నాకు.

వర్క్‌షాప్ అన్న గురించి ఎంత రాసినా తక్కువే. ఒక మధ్యాహ్నం రోబో తిన్నగా పోకుండా పదే పదే ఎడమకు లాగుతోంది. కోడ్ చూశాం, సెన్సర్ రీడింగ్‌లు చూశాం, ఏమీ దొరకలేదు. అన్న వచ్చి రోబోను వెల్లకిలా తిప్పి, నాలుగు పాదాల రబ్బరు మీద బొటనవేలు రాసి చూశాడు. ముందు ఎడమ పాదం దగ్గర ఆగి, "ఇది నున్నగా అయిపోయింది, పట్టు లేదు" అన్నాడు. ఆ కాలు ప్రతి అడుగులో కాస్త జారుతోందన్నమాట. కొత్త రబ్బరు వేయగానే తిన్నగా నడిచింది. అప్పటి నుంచి ప్రతి టెస్ట్‌కు ముందు పాదాలు తడిమి చూసి రాయడం మా లాగ్ షీట్‌లో చేరింది. అన్నా, మీ చేతికి తెలిసింది మా స్క్రీన్లకు తెలియలేదు.

నాతో పాటు వచ్చిన ఒడిశా అమ్మాయి వేసవంతా సేఫ్టీ తాడు పట్టుకుంది. వినడానికి చిన్న పనే. తాడు బిగిస్తే రోబో బరువు తాడే మోస్తుంది, టెస్ట్ అబద్ధమవుతుంది. మరీ వదిలేస్తే పడి కాలు విరుగుతుంది. కంకర మీద నడిపించేటప్పుడు నేను టెన్షన్‌తో ఎమర్జెన్సీ స్టాప్ మీద వేలు పెట్టుకుని ఉంటే, తను మాత్రం నింపాదిగా రోబో పక్కనే నడిచేది. నీ వల్లే మన డేటా నమ్మదగ్గదయింది.

మా గైడ్ సార్ వారం వారం మీటింగ్‌లో ముందు పడిపోయిన వీడియోలే వేయమనేవారు. అందుకే ఏదీ దాచాలనిపించేది కాదు, ఏది అడగడానికీ భయం వేసేది కాదు. ఒక డిగ్రీ విద్యార్థి మాటను అంత శ్రద్ధగా వినే పెద్దవాళ్లు దొరకడం నా అదృష్టం సార్.

ఎంత ఆలస్యంగా వచ్చినా నాకోసం ముద్ద తీసిపెట్టిన పీజీ ఆంటీకి, ఒక్కదాన్ని పంపడానికి భయపడుతూనే బస్సెక్కించిన నాన్నకు, ల్యాబ్ మొత్తానికి సరిపడా చెనిక్కాయల పొడి పంపిన అమ్మకు ప్రేమతో.

జూనియర్స్, ఈ ఫెలోషిప్‌కు అప్లై చేయాలనుకుంటే మొహమాటపడకుండా నాకు మెసేజ్ చేయండి. నా రైటప్, సార్ దిద్దిన కాపీతో సహా, పంపిస్తాను.