హాస్టల్‌కి పంపిన పిల్లల గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను కావలి దగ్గర రొయ్యల చెరువులు చూసుకునేవాణ్ణండి. పోయినేడు మా పిల్లోడు ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్‌లో చేరాడు, రెండు నెలలకే తిండి మానేశాడు, రాత్రిళ్లు నిద్ర లేదు, ఫోన్ చేస్తే "బానే ఉన్నా నాన్నా" అనేవాడు, మేమేమో కొత్త చోటు కదా అలవాటు పడతాడులే అనుకున్నాం. వాళ్ళమ్మ దిష్టి కూడా తీసింది (నవ్వుకోకండి సార్, మాకు తెలిసిన వైద్యం అదే). ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది, కాలేజీలో ఎవరితో చెప్పుకోవాలో వాడికి తెలీలేదంట.

18 నిండితే ఓటొస్తది, లైసెన్సొస్తది, కానీ ఏడుపొస్తే మాత్రం "ఇంత పెద్దోడివి, ఏంది ఇది" అంటారు. మానసిక జబ్బులు ఎక్కువగా 24 ఏళ్లలోపే మొదలవుతాయని డాక్టర్లు చెప్తన్నారు, అంటే సరిగ్గా ఈ వయసే కదా.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులోనే, 100 మంది అంతకుమించి చదివే ప్రతిచోటా అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలని చెప్పింది. కాలేజీలో రెండుసార్లు అడిగా, పైకి కూడా రాసి పంపా, జవాబు లేదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్, దాని నంబరు 14416 గోడకి అంటించడానికైనా ఒక కాగితం ఖర్చే కదండీ, అదీ చెయ్యలేదు.

జిల్లాలో ఏ కాలేజీకి కౌన్సెలర్ ఉన్నారో, దేనికి లేరో ఆ లిస్టు అందరికీ కనపడేలా పెట్టించండి, లేనోళ్లకి గడువు పెట్టండి. మా వాడు మందులు వాడుతున్నాడు, మళ్ళీ క్లాసులకు పోతానంటున్నాడు, పంపాలా వద్దా అనేది మీ జవాబు చూసి తేల్చుకుంటాం.

ఇట్లు,
ఒక తండ్రి, కావలి