ట్రాన్స్ ఫ్యాట్ శుభ్రంగా అరుగుతుంది, చిక్కంతా అక్కడే

సంపాదక మహాశయా,

మీ ఆదివారం ఆరోగ్యం పేజీలో ‘ట్రాన్స్ ఫ్యాట్ అరగదు, పేగులకు మైనంలా పట్టేస్తుంది, పరగడుపున వేడినీళ్లలో నిమ్మరసం తాగితే కడుక్కుపోతుంది’ అని రాశారు. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, చదివి ఊరుకోలేకపోయాను.

ట్రాన్స్ ఫ్యాట్ ఉండే వనస్పతి వేసి చేసిన పఫ్ తిన్నా, వేరుశనగ నూనెతో పోపు పెట్టిన పప్పు తిన్నా చిన్నపేగులో జరిగేది ఒకటే. పైత్యరసం కొవ్వును సన్నటి బిందువులుగా చేస్తుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్ దాన్నుంచి కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది. పేగు కణాలు వాటిని పీల్చుకుని, లోపల మళ్లీ కొవ్వుగా కూర్చి, కైలోమైక్రాన్లనే రేణువుల్లో పెట్టి శోషరస (లింఫ్) నాళాల్లోకి పంపుతాయి. మెడ కింద పెద్ద సిర దగ్గర అవి రక్తంలో కలుస్తాయి. ఇంత దారిలో ఎక్కడా ‘నువ్వు ట్రాన్స్‌వి, ఆగు’ అనేవాళ్లు లేరు.

వనస్పతిలోని ట్రాన్స్ రకం కొవ్వు ఆమ్లమైన ఎలాయిడిక్ ఆమ్లానికీ, వేరుశనగ నూనెలోని ఒలీయిక్ ఆమ్లానికీ పరమాణువుల లెక్క ఒకటే. ఒలీయిక్ అణువు మధ్యలో వంగి ఉంటుంది, ఎలాయిడిక్ నిటారుగా ఉంటుంది. అందుకే మొదటిది 14 డిగ్రీల లోపే కరిగిపోతే, రెండోది 45 డిగ్రీల దగ్గర గానీ కరగదు. చల్లారిన డాల్డా పూరీ అంగిలికి అంటుకుంటే, కడుపులోనూ అలాగే అంటుకుంటుందని జనం అనుకోవడంలో వింతలేదు. పేపరు కూడా అదే రాస్తే ఎలా?

నష్టం ఒంటికి పట్టాకే మొదలవుతుంది. కొంత శక్తి కోసం ఖర్చవుతుంది, కొంత కణాల పొరల్లో చేరుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ పెరుగుతుంది, మంచిదైన హెచ్‌డీఎల్ తగ్గుతుంది. దీన్ని ఏ నిమ్మరసమూ కడగలేదు. మా వాకింగ్ బ్యాచ్‌లో కొందరు పొద్దున ఆ నీళ్లు తాగామన్న ధైర్యంతోనే సాయంత్రం బేకరీకి వెళ్తున్నారు.

నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. అంతకుముందు ఏడాది అది 3 శాతం. ప్యాకెట్ అయితే తిప్పి చూసుకోవచ్చు. గాజు బీరువాలో విడిగా పెట్టి అమ్మే పఫ్‌కు లేబుల్ ఏదీ? అడిగితే ‘మంచి నూనేనండీ’ అంటారు.

ఆ వ్యాసానికి సవరణ వేయండి. వీలైతే మీ విలేకరిని బేకరీల వంటగదుల్లోకి పంపి, అక్కడి డబ్బాల మీద ఏం రాసి ఉందో ఫొటోలతో సహా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, తణుకు