కోటు జేబులో కాగితం

బిడ్డా శ్రావణీ,

నీ నల్ల కోటు ఇస్త్రీ అయింది. ఈ కాగితం దాని లోపలి జేబులో పెడుతున్నా. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎప్పుడూ మీటింగులోనే ఉంటావు, నాకా మాట తిన్నగా రాదు. జేబులు చూసుకోకుండా బట్ట వేసుకోవద్దని చిన్నప్పటి నుంచి చెవిలో పోరినవాణ్ణి, కాబట్టి నీకు దొరుకుతుందనే ధైర్యం.

మొన్న ఆదివారం నీ ల్యాప్‌టాప్‌లో చూపించావే, ‘ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ సినిమా, అది నన్ను వదలట్లేదు. 1999లో వచ్చిందన్నావు. మీ అమ్మ సగంలోనే కునుకు తీసింది. ఆఖర్న నువ్వు ‘పాపం టామ్’ అన్నావు. పడవలో తెడ్డుతో కొట్టి దోస్తును చంపినవాడి మీద పాపమేంటే అని కసురుకున్నా. తీరా పడుకున్నాక నాకు పడవ గుర్తు రాలేదు, కోటు గుర్తొచ్చింది.

ఎవరిదో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కోటు అరువు తెచ్చుకుని దావత్‌లో పియానో వాయిస్తాడు చూడు. ఓడల కంపెనీ పెద్దాయన ఆ కోటు చూసి, మా డిక్కీ కూడా అక్కడే చదివాడు, నీకు తెలిసే ఉంటాడంటాడు. టామ్ నేనూ అక్కడే చదివానని నోరు తెరిచి చెప్పడు. డిక్కీ ఎలా ఉన్నాడండీ అంటాడు, అంతే! ఇక ఆ పెద్దాయన వెయ్యి డాలర్లిచ్చి, ఇటలీ వెళ్ళి కొడుకును వెనక్కి తీసుకురమ్మంటాడు. సినిమా మొదలయ్యేదే, ఆ కోటు అరువు తెచ్చుకున్న దగ్గర్నుంచీ అంతా చెరిపేయగలిగితే బాగుండునన్న టామ్ మాటతో. నువ్వప్పుడు వంటింట్లో పాప్‌కార్న్ వేయిస్తున్నావు, విని ఉండవు.

వాడి ఉద్యోగం చూశావా? నాటకశాల బాత్రూములో తువ్వాళ్ళు అందించడం, వచ్చినవాళ్ళ కోట్ల మీద చుండ్రు దులపడం. అచ్చం మన బాపతే. పొద్దస్తమానం కోట్లు దులిపేవాడికి ఒక్కరోజైనా వేసుకోవాలనిపించదా? నాకనిపించింది. మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఇది.

1993. అప్పటికి షాపు మనది కాదు, సేటు దగ్గర పనివాణ్ణి నేను. ఒక వకీల్ సాబ్ బ్లేజరు వచ్చింది. నేవీ బ్లూ, జేబు మీద ఏదో క్లబ్బు ముద్ర బంగారు దారంతో కుట్టి ఉంది. స్టీమ్ పట్టి హ్యాంగరుకు వేశాక చెయ్యి ఊరుకోలేదు. ఆ సాయంత్రం నా దోస్తు ఒకడు బంజారాహిల్స్‌లో పెద్దింటి పెళ్ళి దావత్‌కు పోదామన్నాడు. వేసుకుని పోయా. ట్యాగు తీసేస్తే నంబరు కలవదని భయం, కాలరు లోపలికి మడిచేశా. పిన్నీసు మెడ వెనక గుచ్చుకుంటూనే ఉంది.

గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టాడు. నా జన్మలో మొదటి సలాం. లోపల ఒకాయన ‘మీరు ఫలానా వారి అల్లుడు కదూ?’ అన్నాడు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. నవ్వా. అంతే, గంటసేపు ఆ ఇంటి అల్లుణ్ణే. కుర్చీ వేయించాడు, ఖుబానీ కా మీఠా రెండోసారి వడ్డించమన్నాడు. అబద్ధమెందుకు, హాయిగా ఉంది.

ఆ మీఠా చుక్క ఒకటి బ్లేజరు చేతి మీద పడింది. దానిదేముంది, తీపి మరక తడిగుడ్డకే పోతుంది, నూనె మరకకే సాల్వెంటు కావాలి. రాత్రికి రాత్రే తీసేసి హ్యాంగరుకు వేశా. జేబు మాత్రం చూడలేదు. నేను, జేబు చూడలేదు! సోమవారం వకీల్ సాబ్ వచ్చి తొడుక్కుని చూసుకుంటూ జేబులో చెయ్యి పెట్టాడు. సోంపు పొట్లం బయటికొచ్చింది. సేటు పక్కనే ఉన్నాడు. వకీల్ సాబ్ దాన్ని కౌంటరు మీద పెట్టి, నాకొక్కడికే వినపడేట్టు ‘దావత్ మంచిగుండెనా తమ్మీ?’ అన్నాడు. డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు వచ్చినా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. రెండు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. టామ్ కూడా డిక్కీ ఉంగరాలు దాచిపెట్టుకుని డిక్కీ ప్రియురాలు మార్జ్ కంటపడ్డాడుగా.

ఇంకోటి. ఓడ దిగినచోట నేనే డిక్కీనని టామ్ చెప్పుకుంటాడే, ఆ అమ్మాయి మెరెడిత్, వాళ్ళది పేరున్న టెక్స్‌టైల్ కుటుంబం. ఆమె ఆ ఇంటిపేరు దాచి వేరే పేరుతో తిరుగుతుంటుంది. అక్కడ టెక్స్‌టైల్ వాళ్ళ పిల్ల ఆ సంగతి దాస్తుంటే, ఇక్కడ నారాయణగూడ డ్రైక్లీనింగ్ వాడి పిల్లేమో మాది టెక్స్‌టైల్ బిజినెస్ అంటోంది. కోపంతో రాయట్లేదమ్మా, నిజంగా నవ్వొచ్చింది.

మొన్న ఎండాకాలం ఆవకాయ జాడీ ఇవ్వడానికి కొండాపూర్ వచ్చినప్పుడు నీ ఫ్రెండు ‘అంకుల్, మీ టెక్స్‌టైల్ షోరూం ఎక్కడ?’ అని అడిగింది. నేను ‘నారాయణగూడ’ అన్నా. నువ్వు నా వంక చూడలేదు, నేనూ నీ వంక చూడలేదు. నువ్వు ముందేమన్నావో నాకు తెలీదు. ‘బట్టల లైను’ అని ఉంటావు, వాళ్ళే దాన్ని టెక్స్‌టైల్ చేసుకుని ఉంటారు. కానీ నా అల్లుడి వేషం గంటకే అయిపోయింది. నీది ఏడాది దాటింది. బోనాలకు మీ ఇంటికొస్తామని వాళ్ళంటే ఇంటికి రంగులు వేస్తున్నారని చెప్పావట, అమ్మ చెప్పింది. మనింటికి రంగులు వేసి ఆరేళ్ళు.

టామ్ మీద నాకూ ఒక్కచోట జాలి కలిగింది. డిక్కీ బట్టలు వేసుకుని అద్దం ముందు ఆడుతుంటే డిక్కీ వచ్చేస్తాడు చూడు, అక్కడ. తెడ్డు సీను కన్నా అదే చూడలేకపోయా.

సరే, నీ ఫ్రెండు లెహంగా కూడా అయింది. ‘మాకు తెలిసిన చోట ఇస్తా’ అని తెచ్చావుగా. అంచు జరీ దగ్గర పసుపు మరక మొండికేసింది, రెండుసార్లు పట్టా. వెలుతురులో చూస్తే ఇంకా కాస్త ఛాయ కనిపిస్తుంది, ఇచ్చేటప్పుడు ముందే చెప్పు. బిల్లు రాశా. దాని మీద మన షాపు పేరు, కింద నా సంతకం ఉన్నాయి. కవరుకు పిన్ను కొట్టలేదు, సంచిలో విడిగా వేశా. లెహంగాకు ట్యాగు అలాగే ఉంచా. తీస్తే చూసి తియ్యి, పిన్నీసు గుచ్చుకుంటుంది.

మీ నాన్న