“మీ పనే ధ్యానం కదా, కాస్త తగ్గించండి!”

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో కళాకారులకు మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద, ఆ క్షణం మీద మనసు నిలిపే సాధన) చేసే మేలు గురించి వ్యాసం వేశారు. పైన బొమ్మలో కిటికీ పక్కన పద్మాసనం వేసుకున్న అమ్మాయి, ఎదురుగా తెల్లటి కాన్వాసు, పక్కన టీ కప్పు. నేను శ్రీకాళహస్తిలో ఇరవై మూడేళ్లుగా కలంకారీ పని, అంటే వెదురు కలంతో బట్ట మీద బొమ్మలు గీసే పని చేస్తున్నాను. మా కిటికీ పక్కన కరక్కాయ పొడి, గేదెపాలలో ముంచి తీసిన బట్ట ఆరుతూ ఉంటుంది. ఆ వాసనలో పద్మాసనం వేసేవారెవరైనా ఉంటే దండం పెడతాను. అయినా ఆ వ్యాసంలో నిజం లేదనను. ఆ నిజం నాకు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాలేదో చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా పనిలో చెరపడం అనేది లేదు. చింతపుల్లల బొగ్గుతో వేసుకున్న గీత దులిపితే పోతుంది. దానిమీద నల్లరంగుతో గీసింది పోదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసే రంగు అది. కుండలో ఉన్నప్పుడు డికాక్షన్‌లా ఉంటుంది. కరక్కాయ పట్టించిన బట్టను తాకగానే నల్లబడిపోతుంది. వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే రంగు అంత దిగుతుంది. మనసు ఎటో పోయిందంటే ఆ సంగతి మనకన్నా ముందు బట్టకు తెలుస్తుంది.

నాలుగేళ్ల క్రితం సీతాకల్యాణం గీస్తుండగా ఫోను మోగింది. అప్పటికి 11 నెలలుగా నగరంలోని ఒక దుకాణం నాకు రూ.38 వేలు బాకీ. వాళ్లేనేమో అనుకున్నాను, వేళ్లు బిగుసుకున్నాయి, సీతమ్మ చెంప మీద కందిగింజంత చుక్క పడింది. తీరా చూస్తే అప్పు కావాలా అని అడిగే అమ్మాయి! మా అత్తయ్య వచ్చి చూసి, “పెళ్లికూతురే కదా, దిష్టిచుక్క అనుకో” అన్నారు. కొన్నవారు అలా అనుకోలేదు. రెండు వేలు కోసుకుని ఇచ్చారు.

రాత్రిళ్లు నిద్ర పట్టక, మణికట్టు నొప్పి తగ్గక, ఆ ఏడాదే హైదరాబాద్‌లోని ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్లాను. పది రోజుల శిబిరం, రుసుము లేదు, విరాళాల మీదే నడుస్తుంది. ఫోనుతోపాటు కలం, కాగితం కూడా పక్కన పెట్టేయాలి. మాటలు ఉండవు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని. నా కుడిచెయ్యి మాత్రం తొడ మీద తామరతీగ అంచు గీస్తూనే ఉంది. ఎన్నిసార్లు ఆపినా మళ్లీ మొదలుపెట్టేది. నవ్వు వచ్చేది, నవ్వకూడదు.

అక్కడ నాకు తెలిసిన సంగతి చాలా చిన్నది. పొడుగు గీత గీసినప్పుడల్లా నేను ఊపిరి బిగబడుతున్నాను. ఇరవై ఏళ్లు అదే పని చేస్తూ ఆ మాట నాకే తెలియదు. ఊపిరి బిగిస్తే భుజం పైకి లేస్తుంది, వేళ్లు కలాన్ని పిసుకుతాయి, గీత చివర వణుకు వస్తుంది. ఇప్పుడు కలం ముంచి, ఊపిరి వదులుతూ గీత మొదలుపెడతాను. తీగ పొడవైతే ఆకు దగ్గర ఆగుతాను. మణికట్టు నొప్పి పోలేదు; మధ్యాహ్నానికే వచ్చేది దీపాలు పెట్టే వేళకు వస్తోంది. మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ ఒక ఆసుపత్రిలో, తగ్గని నొప్పులున్న రోగుల కోసం మొదలుపెట్టారట. నాకూ నొప్పి దగ్గరే పనిచేసింది. మీ వ్యాసంలోని “సృజన వికసించడం” నేనైతే ఎరగను.

ఇంటికి వెళ్లాక కూడా ఉదయం గంట, సాయంత్రం గంట ధ్యానానికి కూర్చోమన్నారు శిబిరంలో. నాకు కుదిరేది తెల్లవారుజామున కుళాయి వచ్చేలోపు పావుగంట. బిందెలో నీళ్ల చప్పుడు వినిపించగానే లేస్తాను.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఒకావిడ కారులో వచ్చి, నేను పన్నెండు రోజులు కూర్చుని గీసిన దుపట్టా చూసి ఎంతో ముచ్చటపడ్డారు. రూ.8,500 అన్నాను. “మీకేమమ్మా, హాయిగా కూర్చుని గీసుకుంటారు. మీ పనే ధ్యానం. మేము డబ్బులు కట్టి నేర్చుకుంటున్నాం. ఐదు వేలకు ఇచ్చేయండి” అన్నారు. స్క్రీన్ ప్రింటు దుపట్టా ఫోనులో చూపించి ఇంకా తక్కువకే వస్తుందని కూడా అన్నారు.

ఇదివరకైతే నవ్వేసి ఆరు వేల దగ్గర ఒప్పుకునేదాన్ని, రాత్రంతా నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ముందు గొంతు దగ్గర తెలుస్తుంది, ముద్ద అడ్డుపడినట్టు. తర్వాత చెవులు వేడెక్కుతాయి. చాలాకాలం దాన్ని కోపమనుకున్నాను. గమనించగా గమనించగా భయమని తేలింది, బేరం పోతుందేమోనని. మూడుసార్లు ఊపిరి తీసుకుని, “ఎనిమిదిన్నర వేలండీ” అని మళ్లీ చెప్పి ఊరుకున్నాను. ఊరుకోవడమే కష్టం. ఆవిడ కొనలేదు. దుపట్టా బీరువాలోనే ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టింది.

ఇప్పుడు సగం డబ్బు ముందు ఇస్తేనే బట్ట నానబెడుతున్నాను. పాత బాకీలో, గొంతు పెంచకుండా ఆరుసార్లు ఫోను చేశాక, రూ.20 వేలు వచ్చాయి. మిగతా 18 వేలు ఏ ధ్యానంతోనూ రాలేదు. నమోదు చేసుకున్న చిన్న ఉత్పత్తిదారులకు సరుకు తీసుకున్నవారు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టంలో ఉంది. నాకు అది తెలిసేసరికి ఆలస్యమైంది, అప్పటికి నేను నమోదు చేసుకోలేదు కూడా. కళాకారుల మనశ్శాంతి మీద ఈసారి వ్యాసం వేస్తే ఆ 45 రోజుల సంగతి పక్కన చిన్న పెట్టెలోనైనా వేయండి. మా నిద్ర సగం అక్కడే పోతోంది.

వ్యాసకర్తను ఒకసారి మా ఇంటికి పంపితే సంతోషం. నల్లరంగు వేసే రోజు వద్దు. ఎరుపు కోసం బట్ట ఉడకబెట్టే రోజు రమ్మనండి, ఆ రోజు చేతులకే పని, నోటికి తీరికే. ఫోను మాత్రం గుమ్మం పక్క గూట్లో పెట్టి రావాలి.

ఇట్లు,
ఒక కలంకారీ కళాకారిణి,
శ్రీకాళహస్తి, తిరుపతి జిల్లా