మా బాబు చర్మవ్యాధి విషయంలో దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

మా వాడికి ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా (కాస్త రాపిడికే చర్మం మీద బొబ్బలు లేచే జన్యువుల జబ్బు) అని తేలినప్పటి నుంచి, వేళాపాళా లేకుండా నేను అడిగినవాటికి విసుక్కోకుండా జవాబు చెప్పిన మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

అందరికంటే ముందు నర్సక్కకు. బొబ్బను వదిలేస్తే లోపలి నీరు పక్కకు పాకి ఇంకా పెద్దదవుతుందని చెప్పి, స్టెరైల్ సూదితో దాని అంచున కింది వైపు గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా అదిమి నీరు దించడం దగ్గరుండి నేర్పింది. పై తోలు మాత్రం కత్తిరించకూడదు, పుండుకు అదే కప్పు. మామూలు ప్లాస్టర్ ఒంటికి తగలనివ్వం. అంటుకోని సిలికాన్ డ్రెస్సింగ్ వేసి, పైన గొట్టంలా ఉండే బ్యాండేజీ తొడుగుతాం. అతుక్కుపోతే లాగకుండా గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీస్తాం. వాడు ఇప్పటికీ ఏడుస్తాడు, కాకపోతే ఏడుస్తూనే తర్వాతి చెయ్యి తానే చాపుతున్నాడు.

"ముందు రకం తేల్చుకోండి, మందు సంగతి తర్వాత" అన్న జెనెటిక్ కౌన్సెలర్ (జన్యువుల జబ్బుల గురించి కుటుంబాలకు వివరించే నిపుణురాలు) గారికి రుణపడి ఉంటాం. ఇందులో సింప్లెక్స్, జంక్షనల్, డిస్ట్రోఫిక్, కిండ్లర్ అని నాలుగు ప్రధాన రకాలట. మా వాడిది రెసెసివ్ డిస్ట్రోఫిక్. చర్మం పై పొరను కింది పొరకు పట్టి ఉంచే ఏడో రకం కొల్లాజెన్ సరిగా తయారవదు. లోపమున్న జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే ఈ రకం వస్తుందని ఆవిడ బొమ్మ గీసి చూపించాక, ఎవరి వైపు నుంచి వచ్చిందన్న వాదన మా ఇంట్లో ఆగిపోయింది.

కొత్త మందుల గురించి ఉన్నదున్నట్టు చెప్పిన డాక్టర్ గారికీ ధన్యవాదాలు. అమెరికాలో 2023లో అనుమతి పొందిన వైజువెక్ జెల్, మార్చిన హెర్పిస్ వైరస్ ద్వారా సరైన జన్యువును పుండులోని కణాలకు చేరుస్తుంది. అది డిస్ట్రోఫిక్ రకానికే. జన్యువు కణంలో శాశ్వతంగా కలిసిపోదు కనుక మళ్లీ మళ్లీ రాయాలి. బిర్చి చెట్టు బెరడుతో చేసే ఫిల్సువెజ్ జంక్షనల్ రకానికి కూడా వాడతారు. రోగి సొంత చర్మకణాలను సరిచేసి, పొరలుగా పెంచి పుండ్లపై కుట్టే జెవాస్కిన్‌కు 2025లో అనుమతి వచ్చింది. ఇవేవీ జబ్బును మొత్తంగా పోగొట్టవని ఆయన మొహం మీదే చెప్పారు. అప్పుడు బాధేసింది గానీ, తీపి కబుర్లకంటే అదే నయం. ఈ జబ్బు వల్ల అన్నవాహిక సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేయొచ్చనీ, మింగడానికి ఇబ్బందిపడితే ఆలస్యం చేయొద్దనీ చెప్పిందీ ఆయనే.

మా వాడికి చిన్నవైపోయిన, సీలు విప్పని గొట్టం బ్యాండేజీలు కొన్ని ఉన్నాయి. పసిపిల్లలున్నవాళ్లు అడగండి, పంపిస్తాను.