సైకిలు ఫ్రేముకు గాలి పంపు: ఉన్న సామానుతోనే బిగించుకోవచ్చు

సంపాదకులకు నమస్కారములు.

దేవరకొండ, డిండి, చందంపేట వైపు పల్లెల నుంచి సైకిళ్ల మీద బడికి వచ్చే పిల్లలు, తెల్లవారకముందే పాల క్యాన్లు తగిలించుకొని బయలుదేరేవారు, తాటివనాలకు వెళ్లే గీత కార్మికులు దారి మధ్యలో గాలి పోయిన సైకిలును నెట్టుకుంటూ నడవడం మన జిల్లాలో తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడు పెద్ద ఊళ్ల కూడళ్లలో గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే సైకిల్ టాక్సీ దుకాణాలు ఉండేవి. వాటి ముందు ఒక నిలువు పంపు ఎప్పుడూ ఉండేది కనుక దారిన పోయేవారికి గాలి కొట్టుకునే ఆధారం దొరికేది. ఆ దుకాణాలు ఇప్పుడు చాలావరకు మూతపడ్డాయి, లేదా మోటారు సైకిళ్ల పంచర్ షాపులుగా మారాయి. అక్కడి కంప్రెసరుతో జాగ్రత్త లేకుండా గాలి పట్టిస్తే సన్నని సైకిలు ట్యూబు పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుచేత పంపు ఎక్కడో దుకాణంలో కాకుండా సైకిలు ఫ్రేముకే ఉండాలని, దానిని అక్కడ బిగించడానికి మన ఇళ్లలో, పొలాల్లో పడి ఉన్న వస్తువులే సరిపోతాయని వివరించడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా పంపు వల్ల ఏమిటి ప్రయోజనమో చెప్పాలి. పంచరు వేసే సామాను లేకుండా వట్టి పంపుతో ఏం చేస్తామని చాలామంది అడుగుతారు. నల్లగొండ, పాలమూరు దారుల మీద టైరును దెబ్బతీసేవి ఎక్కువగా ముళ్లే: సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ, కంచెల కోసం నరికి లాక్కెళ్లే రేగు కంప, వానలు పడ్డాక దారి అంచుల్లో పరుచుకునే పల్లేరు. సన్నని ముల్లు చేసిన రంధ్రంలో నుంచి గాలి ఒక్కసారిగా పోదు, మెల్లగా పోతుంది. ముల్లును అక్కడే పీకేయకుండా ఉంచి, గాలి కొట్టుకొని, మళ్లీ తగ్గినప్పుడు మళ్లీ కొట్టుకుంటూ పోతే సాధారణంగా ఇంటికో బడికో చేరుకోవచ్చు. అదే గాలి లేని చక్రం మీద ఎక్కి తొక్కితే టైరు రిమ్ము మీద జారి వాల్ (గాలి ఎక్కించే మూతి) మొదట్లో ట్యూబు తెగుతుంది, రిమ్ము అంచు టైరును కోస్తుంది. చిన్న ప్యాచుతో పోయే ఖర్చు అప్పుడు ట్యూబు, టైరు మార్చే దాకా వెళ్తుంది. కూలికి పోయే మనిషికి అది చిన్న నష్టం కాదు.

ఫ్రేముకు పెట్టుకునే సన్నని పొడుగు పంపు కొత్త వస్తువేమీ కాదు. పాత ఇంగ్లీషు సైకిళ్లకు ఫ్యాక్టరీలోనే ఫ్రేము గొట్టాల మీద రెండు చిన్న బొడిపెలు అతికి వచ్చేవి. పంపు రెండు చివర్లలో గుంటలు ఉండేవి, పిడి వైపు స్ప్రింగు ఉండేది. పంపును కొంచెం నొక్కి రెండు బొడిపెల మధ్య పెట్టి వదిలితే స్ప్రింగు బలానికి అది అక్కడే బిగుసుకునేది, క్లిప్పు గాని తాడు గాని అవసరమయ్యేది కాదు. పదిహేను, పద్దెనిమిది అంగుళాల పొడవున్న అలాంటి పంపు ఒక్కో పోటుకు జేబులో పట్టే చిన్న పంపు కంటే ఎంతో ఎక్కువ గాలిని పంపుతుంది కనుక పన్నెండేళ్ల పిల్ల కూడా ఆయాసపడకుండా గాలి కొట్టగలదు. నేడు మన అంగళ్లలో దొరికే సైకిళ్లలో చాలావాటికి ఆ బొడిపెలు లేవు. పంపు కొన్నవారు దాన్ని సంచిలో వేసుకుంటారు, సంచి ఇంట్లో మరిచిపోయిన రోజే ముల్లు దిగుతుంది.

బిగించే ముందు చోటు ఎంచుకోవడం ముఖ్యం. రాడ్డు బ్రేకులున్న పెద్ద సైకిలుకు వెనుక బ్రేకు రాడ్డు హ్యాండిలు దగ్గర నుంచి పెడల్ వైపు వాలుగా దిగే గొట్టం వెంట పోతుంది. అక్కడ పంపు కడితే బ్రేకు పట్టుకుపోవచ్చు కనుక ఆ చోటును పూర్తిగా వదిలేయాలి. సీటు గొట్టం వెనుక వైపు వెనుక చక్రం చిమ్మే బురద పడుతుంది, సందు కూడా తక్కువ. పై రాడ్డు అడుగు భాగం, సీటు గొట్టం ముందు భాగం, ఈ రెండే నమ్మదగినవి. ఎక్కడ పెట్టినా సీటు మీద కూర్చొని పెడల్ నిండా తిప్పి, మోకాలు గాని తొడ గాని తగలడం లేదని చూసుకున్నాకే గట్టిగా బిగించాలి.

అన్నిటికన్నా సులభమైన పద్ధతి పాత ట్యూబు. పారేసిన మోటారు సైకిలు ట్యూబును అడ్డంగా అరంగుళం వెడల్పున కోస్తే రబ్బరు ఉంగరాలు వస్తాయి. ఒక్కో ఉంగరాన్ని ఫ్రేము గొట్టం చుట్టూ తిప్పి, ఒక కొసలో నుంచి రెండో కొసను లాగి, ఆ లాగిన కొసను పంపు మీదుగా తగిలిస్తే చాలు. బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు ట్యూబు అయితే ఎండను బాగా తట్టుకుంటుంది, మామూలు రబ్బరు తొందరగా పగుళ్లిస్తుంది. ఏడాదికొకసారి వేసవి దాటాక ఉంగరాలు మార్చుకోవడం మంచిది. అయితే ఈ పద్ధతిలో గతుకుల దారిలో పంపు మెల్లమెల్లగా కిందికి జారుతుంది కనుక ఇది తాత్కాలికమనే నా అభిప్రాయం.

గట్టిగా నిలిచేది బోరు పైపు సామానుతో చేసే పద్ధతి. మన దగ్గర బోరు లేని పొలం, బత్తాయి తోట అరుదు. కోసి మిగిలిన పీవీసీ ముక్కలు, పైపును గోడకు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లాంపులు ఏ ఇంటి కొట్టంలోనైనా దొరుకుతాయి. పాత తరహా ఉక్కు ఫ్రేముల్లో సీటు గొట్టం లావు సాధారణంగా అంగుళం మీద ఎనిమిదో వంతు, అంటే దాదాపు 28.6 మిల్లీమీటర్లు. పీవీసీ పైపులు బయటి లావును బట్టి 20, 25, 32, 40 మిల్లీమీటర్ల లెక్కన వస్తాయి. కాబట్టి 32 మిల్లీమీటర్ల పైపుకు చేసిన క్లాంపు, గొట్టం చుట్టూ ట్యూబు ముక్కను ఒకటి రెండు చుట్లు చుట్టాక, సీటు గొట్టానికి కదలకుండా పడుతుంది. పంపు లావును కొలిచి, అది 25 మిల్లీమీటర్ల లోపు ఉంటే 25 క్లాంపును అదే విధంగా రబ్బరు వేసి వాడుకోవచ్చు. రెండు క్లాంపులను వీపు వీపు ఆనేటట్టు పెట్టి, వాటి అడుగున ఉన్న రంధ్రాల్లో నుంచి చిన్న బోల్టు వేసి నట్టు బిగిస్తే ఒక జత తయారవుతుంది. అలాంటి జతలు రెండు చేసుకొని, ఒకదానికొకటి జానెడు దూరానికి తగ్గకుండా ఫ్రేముకు తొడిగి, పెద్ద క్లాంపు నోటి మీదుగా ఒక హోస్ క్లిప్పును (నీళ్ల గొట్టాలకు వేసే మర ఉన్న లోహపు పట్టీని) స్క్రూడ్రైవరుతో బిగించాలి. పంపును చిన్న క్లాంపుల్లోకి నొక్కితే టక్కున పడుతుంది, లాగితే వస్తుంది. ఈ పద్ధతిలో పంపుకు స్ప్రింగు ఉండవలసిన పని కూడా లేదు.

క్లాంపులు దొరకనివారు 32 పైపును వేలెడు ముక్క కోసి, దాని నిలువు భాగంలో మూడో వంతును తీసేస్తే మిగిలేది అచ్చం క్లాంపులాగే పట్టుకుంటుంది. నోరు మరీ బిగుతుగా ఉంటే దాన్ని కొంచెం తెరవడానికి చాలామంది మంట మీద కాలుస్తారు. అలా చేయకూడదు. పీవీసీ మాడితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది కళ్లకు, ఊపిరితిత్తులకు హాని. మరిగే నీళ్లలో కొద్దిసేపు ముంచితే పీవీసీ మెత్తబడుతుంది, అప్పుడు కావలసినట్టు వంచి చల్లనీళ్లలో వేస్తే ఆ రూపం నిలుస్తుంది. కోసిన అంచులను గరుకు కాగితంతో రుద్దడం మరువరాదు, లేకుంటే అవి ఫ్రేము రంగును గీకి అక్కడ తుప్పు పట్టిస్తాయి.

గుంటలు, స్ప్రింగు ఉన్న పాత పంపు ఇంకా ఇంట్లో ఉన్నవారికి వేరే మార్గం ఉంది. ఆ పంపు కోరేది రెండు బొడిపెలనే కనుక బొడిపెలనే చేయించుకోవచ్చు. బండి చక్రాలకు వాడే నల్ల తుమ్మ కర్ర ముక్క గట్టిది, తొందరగా పగలదు. అందులో నుంచి బొటనవేలంత ముక్క తీసుకొని, ఒక పక్క గొట్టం గుండ్రతనానికి సరిపడేలా గాడిగా తొలిచి, రెండో పక్క పంపు గుంటలో కూర్చునే మొనగా చెక్కితే బొడిపె సిద్ధమవుతుంది. వడ్రంగికి ఇది పది నిమిషాల పని. మొనకు ఇరుపక్కలా చిన్న భుజాలు వదిలితే వాటి మీదుగా సన్నని హోస్ క్లిప్పులు పోతాయి. కింది బొడిపెను ముందు బిగించి, పంపును నిలబెట్టి, పిడి స్ప్రింగు సుమారు సగం నొక్కుకునే చోట పై బొడిపెకు గుర్తు పెట్టాలి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోతే పంపు తీయడం కష్టం, అసలు నొక్కుకోకపోతే మొదటి గుంతకే ఊడిపోతుంది. చెక్కిన కర్రకు ఆముదం పట్టించి ఒక రోజు ఉంచితే వానకు ఉబ్బడం తగ్గుతుంది. నాకు అన్నిటిలోనూ ఇష్టమైన పద్ధతి ఇదే, ఎందుకంటే కర్ర అరిగినా అర్ధగంటలో ఇంకొకటి చెక్కుకోవచ్చు.

ఇప్పటి గేరు సైకిళ్ల ఫ్రేము గొట్టాలు లావుగా, కోలగా ఉంటాయి కనుక పై కొలతలు వాటికి కుదరవు. కాని వాటిలో చాలావాటికి నీళ్ల సీసా స్టాండు కోసం 64 మిల్లీమీటర్ల దూరంలో రెండు మర రంధ్రాలు ఉంటాయి, అందులో పట్టేవి 5 మిల్లీమీటర్ల బోల్టులు. పాత అల్యూమినియం పట్టీకి అదే దూరంలో రంధ్రాలు వేసి, దాని మీద పంపు క్లాంపులు బిగించి, సీసా స్టాండుతో పాటే ఆ బోల్టులతో పట్టించవచ్చు. పై రాడ్డు లేని ఆడపిల్లల సైకిళ్లకు సీటు గొట్టం ముందు పొడవు చాలకపోతే, వెనుక క్యారియరు పక్క ఊచకు పంపును అడ్డంగా కట్టుకోవడం మేలు. అక్కడ రెండు క్లాంపులతో పాటు ఒక రబ్బరు ఉంగరం అదనంగా ఉండాలి, ఎందుకంటే ఊడిన పంపు వెనుక చక్రపు ఊచల్లో పడితే చక్రం ఒక్కసారిగా ఆగి పిల్ల కింద పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఎవరూ ఉపేక్ష చూపరాదని చేతులు జోడించి కోరుతున్నాను.

ఫ్రేముకు రంధ్రాలు పొడిచి స్క్రూలు వేయడం, వీధి వెల్డింగు షాపులో ఇనుప ముక్క అతికించడం మాత్రం వద్దు. ఆ గొట్టం గోడ చాలా పలుచన. రంధ్రం పడిన చోట బలం తగ్గుతుంది, లోపలికి నీరు పోతుంది. వెల్డింగు వేడికి గొట్టం కాలిపోనూ వచ్చు. స్లాబు కట్టే బైండింగు వైరుతో కట్టినా రంగు పోయి తుప్పే మిగులుతుంది.

నిలువుగా బిగించిన పంపు మూతి ఎప్పుడూ కిందికి ఉండాలి, అప్పుడే వాననీరు, దుమ్ము లోపల చేరవు. పంపు లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుంటే ఎంత కొట్టినా గాలి ఎక్కదు. దానికి ఇంజను ఆయిలు పోయకూడదు. ఖనిజ నూనెకు మామూలు రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ఆముదం తోలుకూ రబ్బరుకూ హాని చేయదు. ఆముదాలు పండే మన నేల మీద అది కొరత కాదు. పంపు కొనేటప్పుడే వాల్ రకం కూడా చూసుకోవాలి. పెద్ద సైకిళ్లకు ఉండేది డన్లప్ వాల్, గేరు సైకిళ్లలో ఎక్కువగా ఉండేది మోటారు సైకిలు రకం వాల్. ఒకదాని పంపు రెండోదానికి నేరుగా పట్టదు.

సైకిళ్లు తయారుచేసే సంస్థలకు నా విన్నపం ఒక్కటే: ఫ్రేము అతికే సమయంలోనే రెండు బొడిపెలు పెట్టి ఇవ్వండి, ఫ్యాక్టరీలో అది పెద్ద ఖర్చు కాదు. పిల్లలకు సైకిళ్లు పంచే దాతలు, స్వచ్ఛంద సంస్థలు తాళంతో పాటు ఒక పంపు, రెండు క్లాంపులు కూడా ఇవ్వాలి. మన జిల్లాల్లోని ఐటీఐల ఫిట్టరు విద్యార్థులు తలచుకుంటే ఒక మధ్యాహ్నం పూట బడి ఆవరణలో కూర్చొని ఆ బడి పిల్లల సైకిళ్లన్నిటికీ ఈ పని చేసిపెట్టగలరు. అందుకు ఉపాధ్యాయులు ముందుకొచ్చి పిలవాలి. మీ జిల్లా అనుబంధంలో ఈ క్లాంపు జతను, కర్ర బొడిపెను కొలతలతో సహా బొమ్మ గీయించి ప్రచురిస్తే, చదివినవారు కత్తిరించి సైకిలు దుకాణంలో గాని వడ్రంగి దగ్గర గాని చూపించుకోవడానికి వీలవుతుంది. ముళ్ల కంచెలు వేసే కాలానికి ముందే ఆ బొమ్మ వెలువడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.